కాజాలు కుడుతూ విన్న చరిత్ర

పోయిన నెల మా ఊళ్ళో పాత యానాం ఫొటోల ప్రదర్శన పెట్టారు. చివరి రోజు సాయంత్రం ఉపన్యాసాలు. రిటైరైన టీచర్నని నాకూ పది నిమిషాలు ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడిన కుర్రాయన తెర మీద ఒక్కొక్క ఫొటో చూపిస్తూ, గోదావరి పాయలో నిలిచి ఉన్న ఒక పాత పడవ దగ్గర ఆగి, "ఇది ఆనాటి చేపల వేట పడవ" అన్నాడు. వెనక వరసలోంచి ఒకావిడ లేచి నిలబడింది. దరియాలతిప్ప నుంచి వచ్చిందట. "అది వేట పడవ కాదు బాబూ, ఉప్పు మోసేది. వేట పడవకి కడుపు అంత లోతుండదు," అంది. మైకు దగ్గరున్న నిర్వాహకుడు మర్యాదగానే, "ప్రశ్నలుంటే చీటీ మీద రాసి పంపించండమ్మా, చివర్లో చదువుతాం," అన్నాడు. "నాకు రాయడం రాదండి," అని ఆవిడ కూర్చోబోయింది. అప్పుడు నేను లేచి, నా పది నిమిషాలూ ఆవిడకి ఇమ్మన్నాను. ఆవిడ మైకును రెండు చేతులతో పట్టుకుని, వాళ్ళ నాన్న ఉప్పు పడవ మీద పనిచేసిన రోజుల గురించి చెప్పింది. కుర్రాయన శ్రద్ధగా ఫోన్లో రాసుకున్నాడు. రాసి తెచ్చుకున్న కాగితాలు సంచిలోంచి బయటికి తియ్యకుండానే నేను ఇంటికి నడిచి వచ్చాను. దారిపొడుగునా మా అమ్మమ్మే గుర్తొచ్చింది.

నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఏడాదికో బడి మారుస్తుంటే నాకు చదువు అబ్బదని అమ్మ నన్ను యానాం ఫరంపేటలో ఉన్న అమ్మమ్మ మంగాయమ్మ దగ్గర ఉంచింది. తాతయ్య టైలరు. వీధి వసారాలో కుట్టుమిషను, దాని వెనక చెక్క బల్ల, బల్ల చివర బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ తెలుస్తుంది. కొత్త గుడ్డ గంజి వాసన, మిషను నూనె, తడిపిన గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనినప్పుడు లేచే ఆవిరి, వీటన్నిటి అడుగునా వంటింట్లోంచి వచ్చే తరవాణీ కుండ పులుపు. పొద్దున్నే తరవాణీ అన్నంలో ఆవకాయ నంజుకుని బడికి వెళ్ళేదాన్ని. మంగళవారం వచ్చిందంటే సంతలోంచి ఎండుచేపల వాసన వీధులన్నీ దాటి మా వసారాలోకి వచ్చేది. తాతయ్య ఫ్రెంచి వాళ్ళున్న రోజుల్లో దొరల ఇళ్ళకు కూడా బట్టలు కుట్టినవాడు. ఎవరైనా మంచినీళ్ళు ఇస్తే థాంక్సుకి బదులు "మెర్సీ" అనేవాడు. ఆ ఒక్క మాటా ఆయన దగ్గర అలా ఉండిపోయింది. కోపం వస్తే మాట్లాడేవాడు కాదు, మిషను తొక్కే వేగం పెరిగేది. అమ్మమ్మ ఆ చప్పుడును బట్టి ఆయన మనసు పోల్చుకునేది.

తాతయ్య కుట్టిన చొక్కాలకి కాజాలు అమ్మమ్మ కుట్టేది. అన్నం ఉడుకుతుంటే ఒక కాజా, పాలు కాగుతుంటే ఒక కాజా. సూదిలో దారం లేని వేళ నేనావిణ్ణి చూసిన గుర్తు లేదు. చదువు రాదు. బియ్యం బస్తా మీద అచ్చువేసిన అక్షరాలైనా, నా పుస్తకంలో అక్షరాలైనా ఆవిడకి ఒకటే. అలాంటి మనిషి లైబ్రరీకి రావడం నా మూలంగానే జరిగింది. మా సోషల్ టీచరుగారు, నెలకోసారి లైబ్రరీలో చరిత్ర మీద ఉపన్యాసం ఉంటుంది, విని రాసుకు రండి అన్నారు. ఆడపిల్లని ఒక్కదాన్ని పంపరు కదా. "నేనొస్తాలే, నాకు కాళ్ళు లాగుతున్నాయి, కాస్త నడిచినట్టుంటాది," అంది అమ్మమ్మ. కుట్టాల్సిన నాలుగు చొక్కాలు చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరింది.

లైబ్రరీ అంటే అప్పట్లో రెండు గదులు, ముందు ఒక పెద్ద సావిడి. లైబ్రేరియన్ ఆనందరావు గారు. ఆదివారం ఉదయం చర్చిలో పాటలు పాడేవారు, సాయంత్రం లైబ్రరీలో బల్లలు సర్దేవారు. ఆయన పెట్టే ప్రదర్శనలకు డబ్బూ లేదు, పెట్టెలూ అద్దాలూ లేవు. ఇంటింటికీ వెళ్ళి అడిగేవారు. ఒకళ్ళు తాతలనాటి ఫ్రెంచి నాణేలు ఇచ్చేవారు, ఒకళ్ళు తూకపురాళ్ళు, ఒకళ్ళు పెట్టె అడుగున మిగిలిపోయిన నీలిమందు అద్దకం గుడ్డ. చర్చి నుంచి అరువు తెచ్చిన తెల్లదుప్పట్లు బల్లల మీద పరిచి, వాటి మీద ఇవన్నీ పేర్చి, ప్రతిదాని పక్కనా ఒక అట్టముక్క నిలబెట్టేవారు. అట్టముక్క మీద ముత్యాల్లాంటి చేతిరాత. ఆ వస్తువు ఏమిటో, ఎక్కడిదో, ఇచ్చినవారెవరో. ఎవరైనా వచ్చి, "ఇది అది కాదండీ," అంటే ఆయన చిన్నబుచ్చుకునేవారు కాదు. కిటికీలో సిరాబుడ్డి, కలం ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. అక్కడికక్కడే కొట్టేసి కొత్తగా రాసేవారు. ప్రదర్శన ముగిసే వేళకి కొన్ని అట్టల మీద కొట్టివేతలే ఎక్కువ ఉండేవి.

మొదటి నెల అమ్మమ్మ వెనక గోడకి ఆనుకుని కూర్చుని రెండు చొక్కాలు పూర్తి చేసింది. ఉపన్యాసానికి నిద్రొచ్చిందేమో అనుకుని ఇంటికొచ్చాక అడిగితే, నేను రాసుకోనివి కూడా వరసగా చెప్పింది. ఏ దొర ఎప్పుడొచ్చాడు, పెద్ద గాలివానకి ఏ వీధి దాకా నీళ్ళొచ్చాయి, అన్నీ. చేతులు పని చేసుకుంటుంటే చెవులు ఖాళీగా ఉంటాయి కాబోలు. రెండో నెల నేను గుర్తు చెయ్యకముందే, "ఆదివారం మీ మేష్టారు చెప్పింది ఉంది కదే," అంది. మూడో నెలకి తాతయ్యే నవ్వి, "కాజాలు లైబ్రరీకి పంపితే గానీ కుట్టడం అవ్వట్లేదు," అన్నాడు. వాక్యాలు రాసుకోవడం నా పని, బల్లల మీద వస్తువులు చూసి అవి ఎలా వాడేవారో చెప్పడం ఆవిడ పని. అలా మేమిద్దరం కలిసి చరిత్ర చదువుకున్నాం.

ఒకసారి ప్రదర్శనలో, కనకాలపేట వాళ్ళెవరో ఇచ్చిన పాత పెళ్ళి ఫొటో పెట్టారు. తాటాకు పందిరి, దాని కింద వరసగా పీటల మీద చిన్న చిన్న పెళ్ళికొడుకులూ పెళ్ళికూతుళ్ళూ. ఆ నెల ఉపన్యాసం కూడా దాని మీదే. మాట్లాడింది కాకినాడ నుంచి వచ్చిన ఒక లెక్చరరు. మంచి మాటకారి. బాల్యవివాహాలు కూడదని ఇంగ్లీషు వాళ్ళు చట్టం తెస్తే, అది ఫ్రెంచి వాళ్ళ యానాంలో చెల్లదు గనక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా పిల్లల్ని తీసుకుని ఇక్కడికి పరుగెత్తుకొచ్చారని చెప్పారు. "చట్టం గోదావరి గట్టు దాకా వచ్చి, పడవ దొరక్క అక్కడే నిలబడిపోయింది!" అన్నారు. అందరూ నవ్వారు. సన్నాయి వాళ్ళు ఒక పందిట్లో వాయించి ఇంకో పందిట్లోకి ఎలా ఉరికేవారో, ఒక్క ముహూర్తానికి ఇన్ని పెళ్ళిళ్ళు చేసి పురోహితుల గొంతులెలా పోయేవో, నిద్రమత్తులో ఉన్న పిల్లలు పొరపాటున పక్క పీట మీదకి ఎలా చేరేవారో అభినయించి చూపించారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ పక్కకి చూస్తే అమ్మమ్మ చేతిలో సూది ఆగిపోయి ఉంది. చొక్కా మడిచి సంచిలో పెట్టింది. లేచి నిలబడింది.

"అయ్యా, నేనో మాట చెప్పొచ్చా అండి?"

ఆయన, "చెప్పండమ్మా," అన్నారు. సావిట్లో ఆడవాళ్ళు మాట్లాడడం అంతకుముందు నేను చూడలేదు. అమ్మమ్మ చీర కొంగు పట్టి లాగాను. ఆవిడ నా చెయ్యి మెల్లగా తీసేసింది.

"నేనూ ఆ పడవల్లో వచ్చినదాన్నేనండి," అంది. "మాది ఏటవతల లంక. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, మా అక్కకి పదేళ్ళు. యానాంలో మంగళవారం సంత చూపిస్తానని మా నాన్న మమ్మల్ని పడవెక్కించేడు. దిగేక సంత లేదండి. తలంటు పోసి, పసుపు బట్టలు కట్టి పందిట్లో కూర్చోబెట్టేరు. ఇద్దరికీ ఒకటే ముహూర్తం. నాకైతే మంచాయనే దొరికేరు. మా బావ మాత్రం ఏడాది తిరక్కుండా జొరమొచ్చి పోయేడు. మా అక్క ఆ పిల్లాణ్ణి రెండోసారి చూడనే లేదండి. బొట్టూ గాజులూ తీసేసేరు. ఈ వేళ్టికీ మా తమ్ముడింట్లో పొయ్యి దగ్గరే ఉంది. ఆ రోజు కూడా ఇలాగే, మీరు నవ్వినట్టే, పెద్దోళ్ళందరూ నవ్వుతానే ఉన్నారండి. మా అక్క ఒక్కత్తే నవ్వలేదు."

ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి, "అప్పటి ఆచారం అలా ఉండేదమ్మా. ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు. అమ్మమ్మ గొంతు పెంచలేదు. "ఆచారం కాదన్లేదండి. పందిరి గురించి చెప్తన్నారు, సన్నాయి గురించి చెప్తన్నారు. పీట మీద కూర్చున్నవాళ్ళ గురించి కూడా ఒక ముక్క చెప్తారేమోనని చూసేను," అంది. లెక్చరరు గారు బల్ల వెనక నుంచి దిగి మా దగ్గరికి నడిచి వచ్చారు. ఆయన మొహంలో ఆ మాటకారితనం లేదు. "నేను కాగితాల్లో చదివింది చెప్పానమ్మా. ఇది ఏ కాగితంలోనూ లేదు. మీ అక్కగారి పేరేమిటి?" అని అడిగారు. "సూరమ్మండి." "రాసుకోవచ్చా?" "రాసుకోండి. అడిగినవాళ్ళు లేరు గానీ, అడిగితే చెప్పకపోను." అప్పటికే ఆనందరావు గారు కిటికీ దగ్గరికి వెళ్ళి సిరాబుడ్డి మూత తీస్తున్నారు.

ఇంటికి నడుస్తుంటే నా భయం వేరు. తన పెళ్ళి గురించి ఊరందరి ముందూ అలా మాట్లాడిందని తెలిస్తే తాతయ్య ఏమంటాడు? మేము వెళ్ళేసరికి ఆ కబురు మాకంటే ముందే చేరిపోయింది. వసారాలో మిషను జోరుగా తొక్కుతున్న చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. అమ్మమ్మ కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను. చాలాసేపటికి మిషను ఆగింది.

"సంత చూపిస్తామన్నారా నీకు?" అని అడిగాడు తాతయ్య, తల ఎత్తకుండానే.

"ఆఁ," అంది అమ్మమ్మ వంటింట్లోంచి.

"నాకు గుర్రబ్బండి ఎక్కిస్తామన్నారు."

అమ్మమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కించేరా?"

"ఎక్కడ! అన్నం కూడా పొద్దుపోయేక గానీ పెట్టలేదు. ఆకలికి ఏడుపొచ్చింది. మొగపిల్లాడు ఏడవకూడదని మా బాబాయి తొడపాశం పెట్టేడు." అప్పుడు తల ఎత్తి, "ఇన్నేళ్ళూ నాతో చెప్పలేదేం?" అన్నాడు.

"మీరూ చెప్పలేదుగా గుర్రబ్బండి సంగతి."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. పెద్దవాళ్ళిద్దరు అలా పిల్లల్లా నవ్వడం నాకు కొత్త. ఆ తర్వాతి మంగళవారం తాతయ్య మిషను మీద గుడ్డ కప్పి, ఉతికిన పంచె కట్టుకుని, "పద, సంతకెళ్దాం," అన్నాడు. ఆవిడ ప్రతి మంగళవారం కూరలకి వెళ్ళే సంతే అది. అయినా ఆ రోజు తలలో పూలు పెట్టుకుని, చేతిలో సంచి లేకుండా వెళ్ళింది. వచ్చేటప్పుడు ఇద్దరి బుగ్గల్లోనూ బెల్లం జీళ్ళున్నాయి.

ఆ తర్వాత నేను ఎన్ని ప్రదర్శనలకు వెళ్ళానో లెక్కలేదు. కాకినాడలో, రాజమండ్రిలో, ఎక్కడ లైబ్రరీ వాళ్ళు నాలుగు పాత వస్తువులు పెట్టారని తెలిసినా బస్సెక్కేస్తాను. మా అబ్బాయి, "అమ్మా, అవన్నీ ఇప్పుడు నెట్‌లోనే ఉన్నాయి," అంటాడు. ఉన్నాయి, నేనూ చూస్తాను, బాగుంటాయి. ఇప్పటి హాళ్ళు చల్లగా ఉంటాయి, కుర్చీలు మెత్తగా ఉంటాయి, ఫొటోలు గోడంత పెద్దవి చేసి చూపిస్తారు. పెళ్ళికూతురి ముక్కుపుడక మీద మెరుపు కూడా కనిపిస్తుంది. మాట్లాడేవాళ్ళలో సగం మంది ఆడపిల్లలే. అదొక్కటి చాలు నాకు, పాతరోజులే మేలని ఎవరైనా అంటే ఒప్పుకోకపోవడానికి. కానీ ఫ్లెక్సీ మీద అచ్చు పడిన మాటని ఎవరూ కొట్టేయలేరు. పక్కన సిరాబుడ్డి ఉండదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు చదివి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. ఆనందరావు గారి అట్టముక్కల మీద ఉండే ఆ కొట్టివేతలు ఊరి జనం చేతిముద్రలని అప్పుడు నాకు తెలియలేదు, మరకలనుకున్నాను. నేను టీచర్నయ్యాక పిల్లలకి చరిత్ర పాఠం చెప్పిన ప్రతిసారీ, "ఇంటికెళ్ళి ఇది నిజమో కాదో మీ మామ్మనడిగి రండి," అనేదాన్ని. కొన్నిసార్లు కాదని కబురొచ్చేది. ఆ రోజు పాఠం మరీ బాగా సాగేది.

అమ్మమ్మ వాళ్ళ అక్క, పెద్దమ్మమ్మ సూరమ్మ సంగతి చెప్పాలి. ఆ పెళ్ళిళ్ళ ఉపన్యాసం అయిన మర్నాడు అమ్మమ్మ నా పలక తీసుకుని నా ముందు కూర్చుంది. "మా అక్క పేరు ఎలా రాస్తారో చూపించు," అంది. ముందు అ, ఆ నేర్చుకోవాలని నేను పంతులమ్మలా చెప్పాను. "అవన్నీ తర్వాత. ఇది కావాలి." మూడే అక్షరాలు. సూ, ర, మ్మ. మిరపకాయలు ఎండబెట్టిన చాప మీద వేలితో రాసేది, పిండి కలిపిన పళ్ళెంలో రాసేది. వారం తిరిగేసరికి తడుముకోకుండా వచ్చేశాయి. ప్రదర్శన ఇంకొన్నాళ్ళే ఉంటుందని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని ఏరు దాటించే పంటు ఎక్కి అవతలి గట్టుకి బయల్దేరింది.

అమ్మమ్మ తమ్ముడికి ఈ వ్యవహారం నచ్చలేదు. "పెద్దక్క పేరు ఊళ్ళో గోడకెక్కించేరంట కదా. మన ఇంటి సంగతి నలుగురిలో పెట్టడం ఏంటక్కా?" అన్నాడు. "గోడకి కాదురా, బల్ల మీద పెట్టేరు. తెల్లదుప్పటి పరిచి మరీ పెట్టేరు," అంది అమ్మమ్మ. ఆయన ఇంకేదో అనబోతుంటే పొయ్యి దగ్గర్నుంచి పెద్దమ్మమ్మ లేచి వచ్చింది. సన్నటి మనిషి, రంగు వెలిసిన చీర. అమ్మమ్మకంటే రెండేళ్ళే పెద్దదైనా పదేళ్ళు పెద్దదానిలా ఉండేది. పొయ్యిలో కట్టె వెనక్కి లాగి నీళ్ళు చల్లింది, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "పదవే, పంటు ఎల్లిపోతాది," అంది. పెళ్ళి రోజు తర్వాత ఆవిడ యానాం గట్టు మీద కాలు పెట్టడం అదే మొదటిసారి.

లైబ్రరీలో ఆ వేళ మేము తప్ప ఎవరూ లేరు. ఆనందరావు గారు తన కుర్చీ తెచ్చి పెళ్ళి ఫొటో ఉన్న బల్ల ముందు వేశారు. పెద్దమ్మమ్మ కుర్చీలో కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడింది. అమ్మమ్మ అట్టముక్క మీద వేలు పెట్టి చదివింది. "సూ... ర... మ్మ." వేలు అక్కడే ఉంచి అక్క మొహంలోకి చూసింది.

"అది నేనేనా?" అంది పెద్దమ్మమ్మ.

"నువ్వే."

"కింద ఇంకా ఉందేంటి? అదీ చదువు."

"నాకు అక్కడిదాకానే వచ్చు," అంది అమ్మమ్మ. ఆనందరావు గారు అందుకుని చదివారు. సూరమ్మ ఏటవతల లంక నుంచి సంత చూడడానికని పడవెక్కి వచ్చిందనీ, పదేళ్ళ వయసులో ఆమెకు ఇక్కడ పెళ్ళి చేశారనీ, ఆ రోజు అందరూ నవ్వినా ఆమె నవ్వలేదనీ రాసి ఉంది. పెద్దమ్మమ్మ శ్రద్ధగా విన్నది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నవ్వేను బాబూ. పందిట్లో నవ్వలేదు గానీ పడవలో నవ్వేను. ఇది నీళ్ళలో చెయ్యి పెట్టి, చేప కరిచేసిందని కేకలేసింది. అప్పుడు మొదలెట్టి, గట్టు చేరేదాకా నవ్వుతానే ఉన్నాను. కడుపు నొప్పి కూడా వచ్చింది."

"నాకు గుర్తే లేదే!" అంది అమ్మమ్మ.

"నీకెలా గుర్తుంటాది, నువ్వు ఏడుస్తున్నావు."

"తప్పు నాదమ్మా," అని ఆనందరావు గారు కిటికీలోంచి సిరాబుడ్డి తెచ్చుకున్నారు. చివరి ముక్క కొట్టేసి, దాని పక్కన సన్నగా రాసి, చదివి వినిపించారు. "పందిట్లో నవ్వలేదు. పడవలో మాత్రం చాలా నవ్వింది."

పెద్దమ్మమ్మ ఆ కొత్త ముక్క మీదకి వంగింది. "ఆ 'మాత్రం' ఎందుకండి? అది తీసేయండి," అంది.

ఆయన తీసేశారు. సిరా ఆరేదాకా ఆగి, పెద్దమ్మమ్మ కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"ఇంకోసారి చదవండి," అంది.